వెనక అట్ట లేని రేడియోలు

ఈ రోజుల్లో రేడియో కొనడం తేలిక. కొన్నది ఏ రేడియోనో తెలుసుకోవడమే గగనమైపోయింది. అరచేతిలో ఇమిడే పెట్టె, ముందు చిన్న రంగుల తెర, తిప్పడానికీ నొక్కడానికీ ఒకటే మీట, పైన లాగితే పొడుగయ్యే ఏరియల్. ఆన్‌లైన్‌లో ఎన్ని దుకాణాలు చూసినా అదే ఫోటో, అదే పేరు. లోపల మాత్రం అదే సరుకు కాదు. ఆ సంగతి అమ్మేవాడు చెప్పడు. పెట్టె మీద రాసి ఉండదు. లోపల మడిచి పెట్టిన కాగితంలోనూ ఉండదు. తీరా దానికి కొత్త ఫర్మ్‌వేర్ వేద్దామని కూర్చుంటే రెండు ఫైళ్లు ఎదురవుతాయి. నీకు సరిపడేది ఏదో నువ్వే తేల్చుకోవాలి. మా రోజుల్లో ఇలాంటి సరుకు అమ్మితే జనం కొట్టు ముందు నిలబడి నిలదీసేవాళ్లు.

నేను మాట్లాడుతున్నది ఏటీఎస్ మినీ అని పిలిచే చిన్న రిసీవరు గురించి. ఈమధ్య కుర్రాళ్ల చేతుల్లో బాగా కనిపిస్తోంది. అందులో అసలు రేడియో పని చేసేది ఎస్ఐ 4732 అనే చిప్. అమెరికాలోని సిలికాన్ ల్యాబ్స్ వాళ్లు తయారుచేశారు. 2021లో ఆ విభాగాన్ని స్కైవర్క్స్ కంపెనీ కొనుక్కుంది. వేలిగోరు కన్నా చిన్న ఆ ముక్కలో ఎఫ్ఎం, మీడియం వేవ్, షార్ట్ వేవ్, లాంగ్ వేవ్ అన్నీ ఉన్నాయి. దాన్ని నడిపించేది ఇంకో చిప్, ఈఎస్‌పీ 32-ఎస్3, చైనాలోని ఎస్‌ప్రెసిఫ్ కంపెనీది. మీట తిప్పితే ఎంత దూరం జరగాలి, తెర మీద ఏం చూపాలి, ఏ స్టేషనుని గుర్తుపెట్టుకోవాలి అన్నవన్నీ ఈ రెండో చిప్ కోసం రాసిన ప్రోగ్రాము చూసుకుంటుంది. దాన్నే ఫర్మ్‌వేర్ అంటున్నారు. దాన్ని మార్చితే అదే పెట్టె కొత్త విద్యలు నేర్చుకుంటుంది. అది నిజంగా గొప్ప సంగతే. ఆ గొప్పతనాన్ని కాదనడం నా ఉద్దేశం కాదు. నా గోల అంతా పేరు గురించి.

మేం పని నేర్చుకున్న కాలంలో రేడియో తన పేరు తానే చెప్పుకునేది. మర్ఫీ గానీ, ఫిలిప్స్ గానీ, బుష్ గానీ, స్క్రూలు విప్పి వెనక అట్ట పక్కన పెడితే చాలా సెట్లలో ఒక కాగితం అంటించి ఉండేది. ఏ వాల్వు ఏ సాకెట్లో కూర్చోవాలో బొమ్మ గీసి, పక్కన నంబరు వేసి ఉండేది. మోడల్ నంబరు, సీరియల్ నంబరు ఆ దగ్గరలోనే. ఎన్ని వోల్టులు, ఏసీనా, ఏసీ-డీసీ రెండూనా అన్నదీ అక్కడే. జాగ్రత్త తెలిసిన ఇళ్లలో సెట్టుతో వచ్చిన కాగితాలన్నీ లైసెన్సు పుస్తకంతో కలిపి బీరువాలో దాచేవాళ్లు. రేడియోకి లైసెన్సు ఉండేదని, దానికోసం పోస్టాఫీసుకి వెళ్లి డబ్బు కట్టేవాళ్లమని చెబితే ఇప్పటి పిల్లలు నమ్మరు. అది వేరే కథ.

మా గురువుగారి కొట్టు తెనాలిలో ఉండేది. ఆయన నాకు మొదట నేర్పింది సోల్డరింగ్ కాదు, నంబరు చదవడం. వాల్వు మీద ఈసీహెచ్ 81 అని ఉంటే అది ఊరికే పెట్టిన పేరు కాదు. మొదటి అక్షరం ఈ అంటే ఫిలమెంటుకి 6.3 వోల్టులు. సీ అంటే ట్రయోడు, హెచ్ అంటే హెప్టోడు, రెండూ ఒకే గాజు బుడ్డిలో. 81లోని ఎనిమిది చూస్తే తొమ్మిది కాళ్ల సాకెట్టని తెలుస్తుంది. ఈఎల్ 84 అంటే అవే 6.3 వోల్టులు, అవే తొమ్మిది కాళ్లు, పని మాత్రం స్పీకరుకి బలం ఇవ్వడం. ఈజెడ్ 80 అంటే ఏసీని డీసీ చేసేది. డీతో మొదలైతే 1.4 వోల్టులది, కరెంటు లేని ఊళ్లలో బ్యాటరీ సెట్టుకి. యూతో మొదలైతే ఏసీ-డీసీ సెట్టుకి, అందులో ఫిలమెంట్లన్నీ ఒకదాని వెనక ఒకటి కట్టి 100 మిల్లీ ఆంపియర్లు పంపేవాళ్లు. నాలుగు గుర్తులు చదవగలిగితే ఆ వాల్వు పుట్టుపూర్వోత్తరాలన్నీ చేతికొచ్చేవి. పుస్తకం తెరవక్కర్లేదు, ఎవరినీ అడగక్కర్లేదు.

ఇందులో ఆయన పదేపదే చూపించిన చిక్కు ఒకటుంది. ఈసీహెచ్ 81, యూసీహెచ్ 81 పక్కపక్కన పెడితే కవలలే. కాళ్లు ఒకటే, సాకెట్లో రెండూ చక్కగా కూర్చుంటాయి, లోపల చేసే పనీ ఒకటే. కానీ యూసీహెచ్ 81 ఫిలమెంటుకి 19 వోల్టులు కావాలి. 6.3 వోల్టుల సెట్టులో పెడితే అది వేడెక్కదు, ఎర్రబడదు, రేడియో మూగబోతుంది. వాల్వు చెడిపోయిందని కాదు, సెట్టు చెడిపోయిందని కాదు. ఒకదానికొకటి కానివి కలిశాయి, అంతే. కూర్చుంది గదా అని సరిపోయిందనుకోకు అనేవారు. కొత్త వాల్వు తెచ్చినప్పుడల్లా అట్టడబ్బా పక్కన పడేయించి, గాజు మీది అచ్చు దీపం దగ్గర పెట్టి చదివించేవారు. డబ్బా మారొచ్చు, గాజు మీది రాత మారదు.

ట్రాన్సిస్టర్లు వచ్చాక కూడా ఆ మర్యాద పోలేదు. ఓసీ 71, ఏసీ 128, బీఎఫ్ 194 అని ప్రతి మూడు కాళ్ల ముక్క మీదా నంబరు ఉండేది. 455 కిలోహెర్ట్జ్ ఐఎఫ్ కాయిళ్లకి రంగులు ఉండేవి. పసుపు, తెలుపు, నలుపు వరసలో, ఆసిలేటర్ కాయిల్‌కి ఎరుపు. రంగు చూసి ఏది మొదటిది, ఏది చివరిది అని కళ్లతోనే చెప్పేసేవాళ్లం. లోకల్‌గా అసెంబుల్ చేసిన సెట్లలో కూడా ఇదే పద్ధతి. కంపెనీ పేరు లేకపోయినా లోపలి సామాను తన పేరు దాచుకునేది కాదు.

ఇంకో అలవాటు ఉండేది. సెట్టు బాగు చేశాక, కాబినెట్ లోపలి చెక్క మీద మెకానిక్ పెన్సిల్‌తో తారీఖు వేసి, ఏం మార్చాడో రాసేవాడు. రేపు ఇంకో ఊళ్లో ఇంకో మెకానిక్ విప్పినా అర్థం కావాలని. ముప్పయ్యేళ్ల తరవాత అటువంటి సెట్టు విప్పితే ముగ్గురు నలుగురి చేతిరాతలు కనిపించేవి. ఒకరికొకరు తెలియని మనుషులు, ఒక్క రేడియో గురించి నిజం చెప్పుకున్నారు. ఈ చిన్న పని విలువ ఏమిటో ఇప్పుడు అర్థమవుతోంది.

ఇప్పటి సంగతికి వస్తాను. మా వీధిలో పాలిటెక్నిక్ చదివే కుర్రాడొకడు, మంచి చురుకైనవాడు, ఆ రిసీవరు పట్టుకుని మా ఇంటికొచ్చాడు.

"మాస్టారూ, కొత్త ఫర్మ్‌వేర్ వేశానండీ. తెర వెలగడం లేదు."

"ఏ రేడియో?"

"ఏటీఎస్ మినీ అండీ."

"అది అమ్మే పేరురా అబ్బాయ్. లోపలిది ఏది?"

"వెర్షన్ నాలుగండీ."

"ఏం నాలుగు? బోర్డుదా, ప్రోగ్రాముదా?"

వాడు ఆగిపోయాడు. ఆగిపోవడం వాడి తప్పు కాదు. వెర్షన్ అనే ఒక్క మాటని మూడు వేరు వేరు వస్తువులకి వాడుతున్నారు, ఎక్కడా విడమరిచి చెప్పడం లేదు. అమ్మేవాడు వెర్షన్ 3, వెర్షన్ 4 అంటే అది బోర్డు సంగతి. ఏ మార్పు చేస్తే మూడు నాలుగైందో అమ్మేవాడికే తెలియదు. కుర్రాడు దించుకున్న ఫర్మ్‌వేర్ నంబరు రెండుతో మొదలవుతుంది, అది ప్రోగ్రాము రాసినవాళ్ల లెక్క. రేడియో చిప్ లోపల దాని సొంత వెర్షన్ ఇంకోటి ఉంటుంది. ఈ మూడింటికీ ఒకదానితో ఒకటి సంబంధం లేదు. నాలుగు రెండు కన్నా పెద్దది కాబట్టి నా రేడియోకి కొత్త ప్రోగ్రాము అక్కర్లేదు అనుకున్నవాడినీ చూశాను. ప్రోగ్రాము నాలుగో వెర్షన్ ఎక్కడ దొరుకుతుంది అని వెతికినవాడినీ చూశాను.

అసలు తేల్చుకోవలసిన ప్రశ్న ఈ మూడిటిలో ఏదీ కాదు. ఈఎస్‌పీ 32-ఎస్3 చిప్ ఒకే పేరుతో చాలా రకాలుగా వస్తుంది. కొన్నిటిలో పని చేసుకోవడానికి అదనపు మెమరీ, పీఎస్‌ర్యామ్ అంటారు, చిప్ లోపలే కలిపి ఉంటుంది. ఆర్8 అన్నదాంట్లో 8 మెగాబైట్లు, దానితో మాట్లాడ్డానికి ఒకేసారి ఎనిమిది తీగలు. ఆర్2 అన్నదాంట్లో 2 మెగాబైట్లు, నాలుగు తీగలు. ఎనిమిది తీగలదానికి ఆక్టల్ అని, నాలుగు తీగలదానికి క్వాడ్ అని పేరు. అందుకే ఫర్మ్‌వేర్ రాసినవాళ్లు రెండు ఫైళ్లు పెట్టారు. ఓఎస్‌పీఐ అన్నది ఆక్టల్‌కి, క్యూఎస్‌పీఐ అన్నది క్వాడ్‌కి. ఎనిమిది తీగల మీద పిలిచే ప్రోగ్రాముని నాలుగు తీగల చిప్‌లో వేస్తే ఆ మెమరీ పలకదు. రెండు ఫైళ్లూ సుఖంగానే ఎక్కుతాయి, కంప్యూటరు రెండిటికీ పని పూర్తయిందనే చెబుతుంది. యూసీహెచ్ 81 కూడా సాకెట్లో సుఖంగానే కూర్చునేది.

ఇక్కడ ఒక మాట న్యాయంగా చెప్పాలి. చిప్ చేసినవాళ్లు మర్యాద తప్పలేదు. ఆర్ అంటే పీఎస్‌ర్యామ్, పక్కన అంకె ఎన్ని మెగాబైట్లో. ఎఫ్ అంటే లోపల ఫ్లాష్ మెమరీ కూడా ఉందని. ఎఫ్‌హెచ్4ఆర్2 అంటే 4 మెగాబైట్ల ఫ్లాష్, 2 మెగాబైట్ల పీఎస్‌ర్యామ్. మా వాల్వు నంబరు చదివినట్టే చదవొచ్చు. వాళ్లు పేరు శ్రద్ధగా పెట్టారు, డేటాషీటులో పట్టిక వేసి మరీ వివరించారు. ఆ చిప్ తెచ్చి పెట్టెలో బిగించినవాడు ఆ పేరుని పెట్టె బయటికి రానివ్వలేదు. ఈ నెల చవగ్గా ఏది దొరికితే అది బిగించి, బయట అదే ఫోటో, అదే పేరు పెట్టి అమ్మాడు. కోపం వస్తే ఇతని మీద రావాలి.

ఒకసారి ఒక ఆన్‌లైన్ దుకాణంవాణ్ణి నేనే అడిగాను. లోపల ఆర్8 ఉందా, ఆర్2 ఉందా అని. ఫోటోలో ఉన్నదే వస్తుందండీ అని జవాబు. మళ్లీ అడిగాను, సార్ లేటెస్ట్ మోడల్ అన్నాడు. లేటెస్ట్ అన్నది ఏ సెట్టుకీ పేరు కాదు. మా రోజుల్లో రేడియో కొట్టులో గుమాస్తా కూడా ఎన్ని వాల్వులో, ఎన్ని బ్యాండ్లో చెప్పలేకపోతే యజమాని చేత చీవాట్లు తినేవాడు.

కుర్రాడి రేడియో దగ్గరికి వద్దాం. తేల్చుకునే పద్ధతి కష్టమేమీ కాదు, ఓపికే కావాలి. పని చేస్తున్న రేడియో అయితే మెనూలో సెట్టింగ్స్‌లోకి వెళ్లి అబౌట్ అన్నది తెరిస్తే ఇప్పుడున్న ఫర్మ్‌వేర్ వెర్షన్ కనిపిస్తుంది. ముందు దాన్ని కాగితం మీద రాసుకోవాలి. వీడిది తెరే వెలగడం లేదు కాబట్టి చిప్‌నే అడగాల్సి వచ్చింది. మొదటి అడ్డంకి వైరు. వాడు తెచ్చిన యూఎస్‌బీ వైరు ఛార్జింగ్‌కి మాత్రమే పనికొచ్చేది, అందులో డేటా తీగలు లేవు. సగం మంది ఇక్కడే రేడియో చచ్చిపోయిందని నిర్ధారించేస్తారు. వైరు మార్చాం. బోర్డు మీది బూట్ బటన్ నొక్కిపట్టి కరెంటు ఇచ్చాం. అలా చేస్తే చిప్ లోపలున్న ప్రోగ్రాముని పక్కన పెట్టి, కంప్యూటరు చెప్పేది వినడానికి సిద్ధపడుతుంది. ఎస్‌ప్రెసిఫ్ వాళ్లే ఇచ్చే ఈఎస్‌పీ టూల్ అనే ప్రోగ్రాముతో ఫ్లాష్ ఐడీ అడిగాం. తెర మీద నాలుగైదు వరసలు పడ్డాయి. చిప్ పేరు, దాని రివిజన్, ఆ కింద ఫీచర్స్ అని ఒక వరస. వైఫై, బ్లూటూత్, ఎంబెడెడ్ పీఎస్‌ర్యామ్ 2 మెగాబైట్లు. వాడు వేసింది ఓఎస్‌పీఐ ఫైలు.

"చదివావా?" అన్నాను.

"చదివానండీ. క్యూఎస్‌పీఐ వేయాలి."

"మరి ముందే ఎందుకు అడగలేదు దాన్ని?"

"అడగొచ్చని తెలియదండీ."

ఇదే నాకు బాధ కలిగించింది. చిప్ చెప్పడానికి సిద్ధంగా ఉంది. అడిగితే ఒక్క క్షణంలో చెబుతుంది. అడగొచ్చన్న సంగతే పిల్లలకి ఎవరూ నేర్పడం లేదు. వీడియో చూస్తారు, ఆ వీడియోలో ఆయన తన రేడియోకి వేసిన ఫైలే వీళ్లూ వేసేస్తారు. ఆయన రేడియో, నీ రేడియో ఒకటే అని ఎవరు చెప్పారు? ఫోటో చెప్పింది. ఫోటో మాట నమ్మి రిపేరు పనికి దిగడం మా వృత్తిలో లేదు.

ఇంకో విషయం కూడా ఆ పూటే వాడికి చెప్పాను. ఒకే వెర్షన్‌కి కూడా ఫైళ్లు రెండు తీరుల్లో ఉంటాయి. అన్నీ కలిపి కుట్టిన పెద్ద ఫైలు సున్నా చిరునామా నుంచి ఎక్కించాలి, అది పాత సెట్టింగులని కూడా తుడిచేయొచ్చు. ప్రోగ్రాము ఒక్కటే ఉన్న చిన్న ఫైలు హెక్స్ లెక్కలో 10000 చిరునామా దగ్గర ఎక్కించాలి, అది తన చోటు దాటి పోదు. చిన్న ఫైలు తీసుకెళ్లి సున్నా దగ్గర వేస్తే ఏ వెర్షనైనా లేవదు. అంటే సరైన వెర్షన్ ఎంచుకున్నా, చిరునామా తప్పితే ఫలితం అదే నల్ల తెర. అప్పుడు వెర్షన్‌ని అనుమానించి ఇంకో వెర్షన్, ఇంకో వెర్షన్ అంటూ తిరుగుతుంటారు.

భయపడాల్సిన పని మాత్రం లేదు. ఈ చిప్‌లో మొట్టమొదట మేలుకునే భాగం ర్యామ్‌లోనో ఫ్లాష్‌లోనో ఉండదు, చిప్ తయారైనప్పుడే రోమ్‌లో అచ్చయి ఉంటుంది. దాన్ని ఎవరూ చెరపలేరు. తప్పు ఫైలు వేసినా మళ్లీ బూట్ బటన్ నొక్కి సరైనది వేసుకోవచ్చు. మా రోజుల్లో ఈ వరం లేదు. కాలిపోయిన ఔట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మరు ఏ బటన్ నొక్కినా తిరిగి రాదు. అందుకే మేం ముందు చదివి తరవాత చేయి పెట్టేవాళ్లం. ఇప్పుడు చేయి పెట్టినా నష్టం లేదు కాబట్టి చదవడం మానేశారు. సౌకర్యం పెరిగినకొద్దీ శ్రద్ధ తగ్గడం నాకు నచ్చడం లేదు. ఈ ధీమా అన్నిచోట్లా చెల్లదు, అన్ని రిసీవర్లూ ఇంత దయగలవి కావు.

రష్యాలో పుట్టిన మలాహిట్ రిసీవరు ఉంది. దాని ఫర్మ్‌వేర్‌కి ఆ పరికరానికి మాత్రమే సరిపోయే తాళంచెవి నంబరు కావాలి. అచ్చు అలాగే కనిపించే నకళ్లు బజారులో బోలెడు, వాటికి ఆ తాళంచెవి రాదు. నకలు అని తెలియక కొన్నవాడికి, కొత్త వెర్షన్ వేయబోయిన రోజునే తెలుస్తుంది. టెక్‌సన్ పీఎల్ 330 లాంటి సెట్లకి ఫర్మ్‌వేర్ నంబర్లు ఉన్నాయి, కొన్నవాళ్లు మార్చుకునే దారి మాత్రం లేదు. ఏ నంబరుతో పుట్టిందో దానితోనే ఉంటుంది. అక్కడ కొనేముందే అడగాలి.

నంబరు చదవడం ఎందుకంత ముఖ్యమో ఎస్ఐ 4732 చిప్ దగ్గర ఇంకా బాగా తెలుస్తుంది. హ్యామ్ రేడియోవాళ్లు, అంటే అమెచ్యూర్ రేడియోవాళ్లు, మాట్లాడేది ఎస్ఎస్‌బీ (సింగిల్ సైడ్‌బ్యాండ్) అనే పద్ధతిలో. మామూలు రేడియోలో ఆ మాటలు బాతు అరిచినట్టు వినిపిస్తాయి. మేం ఆ మాటలు వినడానికి ఒక ఐఎఫ్ కాయిల్, ఒక ట్రాన్సిస్టర్ పెట్టి బీఎఫ్ఓ అనే చిన్న ఆసిలేటరు కట్టుకునేవాళ్లం. 455 కిలోహెర్ట్జ్ దగ్గర దాన్ని నిలబెట్టడానికి ప్లాస్టిక్ పుల్లతో కాయిల్ తిప్పుతూ రాత్రిళ్లు కూర్చునేవాళ్లం. చేయి దగ్గరికి పెడితే ఒక గొంతు, తీస్తే ఇంకో గొంతు. ఈ చిప్ తనంతట తాను ఎస్ఎస్‌బీ వినలేదు. ప్యాచ్ అని చిన్న ప్రోగ్రాముని బయటి నుంచి ఎక్కించాలి. అది చిప్ లోపల శాశ్వతంగా ఉండదు, ఎస్ఎస్‌బీలోకి మారిన ప్రతిసారీ మళ్లీ ఎక్కించాల్సిందే. ఆ కుటుంబంలో చాలా చిప్‌లు ఉన్నా ఈ ప్యాచ్ పలికేది ఎస్ఐ 4735 డి60, ఎస్ఐ 4732 ఏ10 అనే రెండిటికే. అందుకే నువ్వెవరు, నీ లోపలి వెర్షన్ ఎంత అని ఆ చిప్‌ని అడిగే ఆదేశం కూడా అందులో పెట్టారు. బ్రెజిల్‌కి చెందిన రికార్డో లీమా కరాటీ అనే హ్యామ్ ఈ చిప్‌ల కోసం లైబ్రరీ రాసి అందరికీ ఉచితంగా ఇచ్చాడు. ఇలాంటి చిన్న రిసీవర్ల ఫర్మ్‌వేర్లు చాలావాటికి అదే పునాది. ఏ చిప్‌కి ఏది నడుస్తుంది, ఏది నడవదు అని ఆయన విడమరిచి రాశాడు. కాగితం అంటించే పాత మర్యాద అక్కడ బతికే ఉంది. పైసా తీసుకోనివాళ్లు ఇంత రాస్తుంటే, డబ్బు పుచ్చుకుని అమ్మేవాళ్లు ఒక్క ముక్క రాయరు.

ఇదంతా పిల్లల ఆట కదా అనుకునేవాళ్లు ఉన్నారు. హైదరాబాదులో 1983లో పుట్టిన జాతీయ అమెచ్యూర్ రేడియో సంస్థని అడగండి. ఆ సంస్థ తరపున భారతీ ప్రసాద్ గారు 2004 డిసెంబరులో అండమాన్ వెళ్లి రేడియో పెట్టారు. 26న సునామీ వచ్చినప్పుడు ఆవిడ పోర్ట్ బ్లెయిర్‌లోనే ఉన్నారు. అక్కడి కబుర్లు బయటికి, బయటి కబుర్లు అక్కడికి ఆ రేడియో మీద వెళ్లాయి. కుతూహలంతో చిన్న రిసీవరు కొని రాత్రిపూట 7 మెగాహెర్ట్జ్ మీద హ్యామ్‌ల మాటలకి చెవిపెట్టే కుర్రాడే రేపు లైసెన్సు పరీక్ష రాసి ఆ వరసలో నిలబడతాడు. వాడి మొదటి రిసీవరు నల్ల తెరతో అటక ఎక్కితే, వాడి ఉత్సాహమూ దానితో పాటే ఎక్కుతుంది. నా కోపానికి అసలు కారణం ఇదే.

మీడియం వేవ్ సంగతి కూడా చెప్పాలి. విజయవాడ స్టేషను 837 కిలోహెర్ట్జ్, హైదరాబాద్ 738, కడప 900, విశాఖపట్నం 927. మా తరం వాళ్లకి ఇవి నోటి లెక్కలు. నాలుగూ తొమ్మిదితో భాగించబడతాయి. 1975లో జెనీవాలో దేశాలు కూర్చుని ఒప్పందం చేసుకున్నాయి, 1978 నవంబరు నుంచి మన వైపు మీడియం వేవ్ స్టేషన్లన్నీ తొమ్మిది కిలోహెర్ట్జ్ ఎడంతో సర్దుకున్నాయి. అప్పుడు మా వాల్వు సెట్లకి ఎవరూ ఏమీ మార్చలేదు. ముల్లు వెంట్రుకవాసి జరిగింది, పాట వచ్చింది. ఈ చిన్న రిసీవరులో మీట ఎంత ఎడంతో అడుగు వేయాలో ఫర్మ్‌వేర్‌కి చెప్పాలి. అమెరికా లెక్కలో పది చొప్పున అడుగేస్తే 830 తరవాత 840 వస్తుంది, 837 తగలదు, పక్కనుంచి గొంతు మాత్రం నలిగినట్టు వినిపిస్తుంది. అప్పుడు ఫర్మ్‌వేర్ బాగాలేదని ఇంకో వెర్షన్ వెతకడం మొదలుపెడతారు. మెనూలో స్టెప్ తొమ్మిదికి మార్చితే సరిపోయే పని అది. పైగా నేను చూసిన వాటిలో లోపల ఫెర్రైట్ కడ్డీ లేదు, మీడియం వేవ్‌కి బయట లూప్ ఏరియల్ కట్టుకోవాలి. అది ఏ వెర్షనూ తీర్చే లోటు కాదు. వెర్షన్‌తో తీరేది ఏది, తీరనిది ఏది అని విడదీసి చూడడం కూడా నంబరు చదవడం లాంటి విద్యే.

కుర్రాడి రేడియో ఆ సాయంత్రమే లేచింది. క్యూఎస్‌పీఐ ఫైలు ఎక్కాక తెర వెలిగింది, అబౌట్‌లో వెర్షన్ కనిపించింది. వాణ్ణి ఊరికే పంపలేదు. చిన్న చీటీ మీద చిప్ రకం, పీఎస్‌ర్యామ్ ఎంత, ఏ ఫైలు, ఏ వెర్షన్, ఏ తారీఖు అని రాయించి పెట్టె వెనక అంటింపజేశాను. ఇప్పుడు వాళ్ల కాలేజీలో ఇంకో నలుగురు తమ సెట్లకి అదే పని చేశారని చెప్పాడు. నలుగురిలో ఇద్దరివి 8, ఇద్దరివి 2. బయటికి నాలుగూ ఒకే రేడియో.

ఈ రిసీవర్లు తెప్పించి మన ఊళ్లలో అమ్మేవాళ్లకి ఒక్కటే మనవి. హైదరాబాద్ కోఠీలో అమ్మినా, విజయవాడలో అమ్మినా, ఫోన్‌లో ఆర్డరు తీసుకుని పార్సిల్ చేసినా, పెట్టె వెనక మూడు ముక్కలు అచ్చు వేయండి: బోర్డు వెర్షన్, చిప్ రకం, పీఎస్‌ర్యామ్ ఎంత. వేలెడంత స్టిక్కరు చాలు. కొనేవాళ్లు కూడా ధర అడిగే ముందు ఆ మూడూ అడగండి. చెప్పలేనివాడి దగ్గర కొనకండి.